గట్టి పిస్టన్ వేస్తే గుర్రాలు పెరుగుతాయా?

ఇంజిన్ విప్పి సామాను బల్ల మీద పరిచాక మెకానిక్ షెడ్డులో ఈ మాట రాకుండా ఉండదు. "అన్నా, ఎటూ విప్పేశాం కదా. కంపెనీ పిస్టన్ ఎందుకు, ఫోర్జ్‌డ్ పిస్టన్ వేసేద్దాం. రాడ్డు కూడా గట్టిది దొరుకుద్దంట. ఎంత హెచ్.పి. పెరుగుద్ది?" అడిగేది ఎక్కువగా పాతికేళ్ల కుర్రాడు. మొదటి ఉద్యోగం, నాన్న నడిపిన బండి, నెలనెలా జీతంలోంచి పక్కన పెట్టిన డబ్బు. ఈ అధ్యాయం అతని కోసం రాస్తున్నాను. ఆ డబ్బు విలువ అతనికి తెలుసు. దాన్ని ఏ భాగం మీద పెడితే ఏం వస్తుందో విడమరిచి చెప్పేవాళ్లే తక్కువ.

జవాబు ముందే చెప్పేస్తాను. లోపలి భాగాలు గట్టివి వేసినంత మాత్రాన హార్స్‌పవర్ పెరగదు. ఒక్కోసారి పిసరంత తగ్గొచ్చు కూడా. అయినా ఆ భాగాలు తప్పకుండా వేయించుకోవాల్సిన ఇంజిన్లూ ఉన్నాయి. మీ బండి ఆ కోవలోకి వస్తుందో రాదో తేలాలంటే, శక్తి ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి.

శక్తి పుట్టే చోటు

75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే అది ఒక హార్స్‌పవర్. మెట్రిక్ లెక్క ఇది. ఇంజిన్ ఈ పనిని గాలీ పెట్రోలూ కలిపి కాల్చి చేస్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పోయడం పెద్ద పనేం కాదు, కార్బొరేటర్‌లో జెట్టు మారిస్తే సరిపోతుంది. కష్టమంతా గాలితోనే. అది తనంతట తాను వచ్చి సిలిండర్‌లో దూరదు. పిస్టన్ కిందికి దిగి పీల్చాలి, అదీ వాల్వు తెరిచి ఉన్న ఆ కాసేపట్లోనే.

పాత బుల్లెట్ 350 తీసుకోండి. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకు ఒక్కసారే గాలి పీలుస్తుంది. 5,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2,500 గుక్కలు. ప్రతి గుక్కకూ సిలిండర్ నిండా గాలి వచ్చిందనుకున్నా 865 లీటర్లు. దానికి తగ్గ పెట్రోలు, దానికి తగ్గ మంట, ఆ మంటకు తగ్గ శక్తి. ఈ ఇంజిన్ ఇచ్చిన 18 హెచ్.పి. అంతా ఆ గాలిలోంచి వచ్చిందే.

అందుకే శక్తి పెంచే దార్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. గుక్క పెద్దది చేయాలి, అంటే సీసీ పెంచాలి. లేదా వాల్వులు, పోర్టులు, క్యామ్ మార్చి గుక్క పూర్తిగా నిండేలా చూడాలి. లేదా టర్బో పెట్టి గాలిని లోపలికి తోయాలి. లేదా ఆర్‌పీఎం పెంచి నిమిషానికి ఎక్కువ గుక్కలు తాగించాలి. లేదంటే కంప్రెషన్, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేసి అదే మంటలోంచి ఇంకాస్త పని పిండుకోవాలి. రాపిడి తగ్గించడం కూడా ఒక దారే, కానీ దాంతో వచ్చేది చాలా కొంచెం. పిస్టన్‌ను పోతపోశారా, వేడి లోహాన్ని అచ్చులో నొక్కి ఫోర్జ్ చేశారా అన్నదానికి ఈ దార్లలో చోటే లేదు. ఒకే కొలత, పైభాగం ఒకే ఆకారం, ఒకే కంప్రెషన్ ఇచ్చే రెండు పిస్టన్ల మీద మంట ఒకే బలంతో నొక్కుతుంది.

ఇరుసు గట్టిది వేయిస్తే బండి ఎక్కువ బరువు మోస్తుంది, ఎద్దుకు మాత్రం కొత్తగా బలం రాదు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, గట్టి రాడ్లు, గట్టి క్రాంకు, వీటన్నిటి పనీ ఇరుసు పనే.

మనకు తెలిసిన బళ్లే సాక్ష్యం

మారుతి 800 ఎక్కనివాళ్లు మనలో తక్కువ. దాని ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. సిలిండర్‌కు రెండు వాల్వులు, 5,000 ఆర్‌పీఎం దగ్గర 37 హెచ్.పి. తర్వాత వచ్చిన ఆల్టోలోనూ 796 సీసీయే. అదే బోరు, అదే స్ట్రోకు. సిలిండర్‌కు వాల్వులు మాత్రం నాలుగయ్యాయి. 6,000 ఆర్‌పీఎం దాటాక 46, 47 హెచ్.పి. దాకా ఇచ్చింది. పిస్టన్ వ్యాసంలో నూలుపోగంత తేడా లేకుండానే పాతిక శాతం శక్తి పెరిగింది.

ఇక్కడ కాస్త ఆగి టార్క్ కూడా చూడండి, అసలు విషయం అందులో ఉంది. 800కు గరిష్ఠ టార్క్ 59 న్యూటన్ మీటర్లయితే ఆల్టోకు 62. ఈ రెండింటికీ తేడా 5 శాతమే. మరి పాతిక శాతం శక్తి ఎలా వచ్చింది? హార్స్‌పవర్ అంటే టార్క్‌ను తిరిగే వేగంతో గుణించిన లెక్క. రెండు వాల్వుల ఇంజిన్‌కు 5,000 దాటాక ఊపిరి అందదు, టార్క్ జారిపోతుంది. నాలుగు వాల్వుల ఇంజిన్ ఇంకో వెయ్యి ఆర్‌పీఎం దాటినా గుక్క నింపుకోగలదు కాబట్టి టార్క్‌ను పట్టి ఉంచుతుంది. ఆ పట్టు ఇచ్చింది సిలిండర్ హెడ్డు. మీ డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేటప్పుడు ఈ రెండు కార్లను గుర్తు పెట్టుకోండి.

డీజిల్‌లోనూ ఇదే వరస. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1,248 సీసీ ఫియట్ ఇంజిన్ 75 హెచ్.పి. ఇస్తే, అదే 1,248 సీసీ ఎర్టిగాలో 90 ఇచ్చింది. రెండోదానిలో టర్బో రెక్కల కోణం వేగాన్ని బట్టి మారుతుంది, దానికి తగ్గట్టు డీజిల్ పోసే లెక్కా మారింది.

గట్టి ఇంజిన్ అనగానే కుర్రాళ్ల నోట వచ్చే పేరు టయోటా సుప్రాలోని 2జేజెడ్. 1993లో వచ్చిన ఆ సుప్రాకు మూడు లీటర్ల ఇంజిన్లు రెండు. టర్బో లేని 2జేజెడ్-జీఈ అమెరికాలో 220 హెచ్.పి.గా అమ్ముడైంది. రెండు టర్బోలున్న 2జేజెడ్-జీటీఈ అక్కడే 320. రెండింటి బోరూ స్ట్రోకూ 86 మిల్లీమీటర్లే. జీటీఈ ఇనుప బ్లాకు, క్రాంకు ఎంత గట్టివంటే, పెద్ద టర్బో పెట్టి కంపెనీ చెప్పినదానికి దాదాపు రెట్టింపు శక్తి రాబట్టినవాళ్లు లోపలి భాగాలు ముట్టుకోకుండానే రాబట్టారు. అంత పేరున్న ఇంజిన్ నుంచి టర్బోలు తీసేసి నడిపితే ఏమవుతుంది? టర్బో కోసమని దాని కంప్రెషన్ 8.5 దగ్గర ఆపారు, జీఈకేమో 10. మామూలు గాలితో నడిపితే ఈ గట్టి ఇంజిన్ తన చెల్లెలి కంటే తక్కువే ఇస్తుంది.

మరి గట్టి భాగాలు చేసే పనేంటి?

బుల్లెట్ పిస్టన్ పైభాగం విస్తీర్ణం 38.5 చదరపు సెంటీమీటర్లు. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు మంట పీడనం చదరపు సెంటీమీటరుకు 50 కిలోలనుకుంటే, మీ అరచేతిలో ఇమిడే ఆ పిస్టన్ మీద దాదాపు రెండు టన్నుల బరువు పడుతుంది. అదీ సెకనుకు పదుల సార్లు. టర్బో పెట్టి గాలి పెంచితే ఆ బరువూ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. పోతపోసిన పిస్టన్ ఒక హద్దు దాకా తట్టుకుంటుంది. ఆ తర్వాత ముందుగా విరిగేది రెండు రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు.

అలా విరిగిన పిస్టన్ దొరికితే చేతిలోకి తీసుకుని చూడండి. పైభాగం అంచు వెంట చిన్నచిన్న గుంటలు పడి గరుకుగా ఉంటుంది. కాస్త కింద, పై రింగు గాడికి దిగువన, గోరంత ముక్క ఊడిపోయి ఉంటుంది. ఆ ముక్క సిలిండర్ గోడ మీద గీసుకుంటూ పోయిన చార బ్లాకులో కనిపిస్తుంది. అది నాకింగ్ చేసిన పని. మిశ్రమం పలచబడినా, టైమింగ్ మరీ ముందుకు జరిగినా, పెట్రోలు ఆక్టేన్ సరిపోకపోయినా, ఇంజిన్ వేడెక్కినా, మంట సవ్యంగా పాకకుండా మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గున అంటుకుంటుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ ఆ దెబ్బను ఇంకొంత కాలం ఓర్చుకుంటుంది కానీ నాకింగ్‌ను ఆపలేదు. కారణం సరిచేయకుండా పిస్టన్ ఒక్కటే మారిస్తే విరగడం వాయిదా పడుతుంది, అంతే.

రాడ్డు సంగతి వేరు. మంట దాన్ని నొక్కుతుంది, వేగం దాన్ని లాగుతుంది. పొగ బయటికి తోసే స్ట్రోకు చివర పిస్టన్ ఇంకా పైకే పోవాలని చూస్తుంది. పైనుంచి ఆపే పీడనమేదీ ఆ క్షణంలో ఉండదు. రాడ్డే దాన్ని కిందికి గుంజాలి. కార్ల ఇంజిన్లలో ఆ భారమంతా రాడ్డు బోల్టుల మీద పడుతుంది. ఈ లాగుడు ఆర్‌పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 5,000 నుంచి 7,000కు వెళితే వేగం పెరిగింది 40 శాతమే, లాగుడు మాత్రం దాదాపు రెట్టింపు. ఆర్‌పీఎం పెంచే పని పెట్టుకున్నవాళ్లు ముందుగా బోల్టులూ వాల్వు స్ప్రింగులూ చూడాలనేది ఇందుకే. స్ప్రింగు బలం చాలకపోతే క్యామ్ వెనక్కి తగ్గినా వాల్వు దాని వెంట మూసుకోదు. తెరిచే ఉన్న వాల్వును పిస్టన్ గుద్దితే హెడ్డూ పిస్టన్ రెండూ పోతాయి.

ఇక శక్తి తగ్గొచ్చని ముందే ఎందుకన్నానో చెప్పాలి. ఫోర్జ్‌డ్ పిస్టన్లలో ఎక్కువగా కనిపించే మిశ్రమలోహాలు రెండు, 4032, 2618. మొదటిదానిలో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది, వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది. రెండోదానిలో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుకని దానికి సిలిండర్‌లో ఎక్కువ ఖాళీ వదలాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టకటకమని పిస్టన్ గోడకు తగిలే చప్పుడు వినిపిస్తుంది. వేడెక్కేదాకా రింగుల పట్టు కాస్త వదులే, ఆయిలు కూడా కొంచెం ఎక్కువే తాగుతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆపేసే బండికి 2618 పిస్టన్ వేయించుకోవడం నా లెక్కలో నష్టమే. ఆ బండి సరిగ్గా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది.

ఇంకో ప్రమాదముంది. మార్కెట్లో దొరికే ఫోర్జ్‌డ్ పిస్టన్లలో టర్బో ఇంజిన్ల కోసం చేసినవీ ఉంటాయి. వాటి పైభాగం గుంటగా ఉండి కంప్రెషన్ తగ్గిస్తుంది. టర్బో లేని ఇంజిన్‌లో వాటిని వేస్తే బండి ఖచ్చితంగా నీరసిస్తుంది. డబ్బాపైన "ఫోర్జ్‌డ్" అన్న ఒక్క మాట చూసి కొనకండి. మీ హెడ్డుతో కలిపితే కంప్రెషన్ ఎంత వస్తుందో అడిగి రాయించుకోండి.

"కానీ అన్నా, వేయించాక పికప్ పెరిగింది"

నిజమే, చాలామందికి పెరుగుతుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పెంచిందెవరో పోల్చుకోవడంలోనే పొరపాటు జరుగుతోంది.

ఎక్కువ సందర్భాల్లో కారణం పాత ఇంజిన్ అరిగిపోయి ఉండడం. రింగులు అరిగి, బోరు అండాకారమై, వాల్వులు సరిగ్గా కూర్చోక, 18 గుర్రాల బండి 14 గుర్రాలతో కాలక్షేపం చేస్తూ ఉంటుంది. అది ఒక్కరోజులో తగ్గింది కాదు కాబట్టి నడిపేవాడికి తెలియదు. బోరు చేయించి, కొత్త పిస్టన్, రింగులు వేసి, వాల్వులు ల్యాపింగ్ చేయిస్తే పోయిన నాలుగు గుర్రాలూ తిరిగొస్తాయి. కంపెనీ పిస్టన్ వేసినా అవి వచ్చేవే. కొత్త ఇంజిన్‌ను నిన్నటి ఇంజిన్‌తో పోలిస్తే పెరిగినట్టుంటుంది. షోరూం నుంచి వచ్చిన రోజుతో పోల్చాలి.

బోరు చేయిస్తే సీసీ పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. బుల్లెట్ 70 మిల్లీమీటర్ల బోరును 71 చేయిస్తే 346 సీసీ 356 అవుతుంది. మూడు శాతం కూడా కాదు. 18 హెచ్.పి. మీద అది అర హెచ్.పి. కంప్రెషన్ 8.5 నుంచి 10కి పెంచితే సిద్ధాంతం ప్రకారం వచ్చే లాభం ఐదు శాతానికి కాస్త తక్కువ. 20 హెచ్.పి. ఇంజిన్‌కు అది ఒక గుర్రం. కిట్టులో ఈ రెండూ కలిసి వస్తే మొత్తం మార్పును పిస్టన్ లోహం ఖాతాలో రాసేస్తాం.

తేలిక భాగాల విషయం కొంచెం సూక్ష్మం. పిస్టన్, రాడ్డు, ఫ్లైవీల్ తేలికైతే ఇంజిన్ చురుగ్గా ఆర్‌పీఎం ఎక్కుతుంది. నడిపేవాడి చెయ్యి దాన్ని శక్తిగా అర్థం చేసుకుంటుంది. రోలర్‌ను గబగబా తిప్పించి శక్తి లెక్కకట్టే డైనోలు కూడా ఆ చురుకును కాస్త ఎక్కువ శక్తిగా చూపిస్తాయి. ఒకే వేగం దగ్గర నిలకడగా బరువు లాగించి కొలిస్తే ఆ తేడా దాదాపు మాయమవుతుంది.

ఎండాకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలుంటే, జనవరి ఉదయం 20 డిగ్రీలప్పటికంటే గాలి సాంద్రత దాదాపు ఎనిమిది శాతం తక్కువ. మేలో ఇంజిన్ విప్పి, పనులన్నీ అయ్యాక చలికాలంలో రోడ్డెక్కించిన బండి బాగా లాగుతోందంటే అందులో చలిగాలి వాటా ఎంతో ఆలోచించండి. మార్పు కొలవాలంటే ముందూ తర్వాతా ఒకే డైనో, ఒకే గేరు, వీలైనంతవరకు ఒకే వాతావరణం.

విప్పే ముందు ఒక గేజీ

ఇంజిన్ విప్పించాలా వద్దా అన్నదే చాలామంది తొందరపడి తేల్చేస్తారు. కంప్రెషన్ గేజీ పెట్టడానికి పావుగంట పట్టదు. ఇంజిన్ బాగా వేడెక్కించి ఆపండి. స్పార్క్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో గేజీ బిగించండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి, ఇది చాలామంది మరిచిపోయే పని. మూసి ఉంచితే గాలి లోపలికి రాక మంచి ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది. ముల్లు ఇక పైకి కదలనంటూ ఆగేదాకా కిక్కులు కొట్టండి. అంకె రాసుకోండి. ఇప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీస్పూను ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే లీకు రింగుల దగ్గర, అంటే బోరు పని ఉంది. పెరగలేదంటే లీకు పైన, వాల్వుల దగ్గరో హెడ్ గాస్కెట్ దగ్గరో ఉంది. హెడ్డు పనితో పోయేదానికి ఫుల్ ఇంజిన్ పని అక్కర్లేదు.

గేజీ బోరు పని ఉందని తేల్చితే అప్పుడు విప్పించండి. హెడ్డు తీశాక సిలిండర్ పై అంచుకు కాస్త కింద గోరు పెట్టి పైకి గీయండి. గోరు ఒక మెట్టుకు తట్టుకుంటే అక్కడే పై రింగు వచ్చి ఆగి మళ్లుతుందన్నమాట. బోరు ఎక్కువగా అరిగేది ఆ చోటే. బోర్ గేజీతో పైన, మధ్యన, కింద, ఒక్కో చోటా రెండు దిక్కుల్లో కొలిపించండి. ఆరు అంకెలొస్తాయి. అవి మీ ముందే కాగితం మీద రాయమని అడగండి. మంచి మెషిన్ షాపువాడు అడిగినందుకు విసుక్కోడు.

ఇంకో మాట, వరస తప్పకూడదు. ముందు పిస్టన్ కొనాలి. ఆ పిస్టన్‌ను బ్లాకుతో పాటు బోరింగ్ షాపుకు తీసుకెళ్లాలి. షాపువాడు పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి, పిస్టన్ తయారీదారు కాగితంలో ఇచ్చిన ఖాళీని దానికి కలిపి బోరు చేయాలి. ముందే బోరు చేయించేసి తర్వాత పిస్టన్ వెతుక్కుంటే, ఫోర్జ్‌డ్ పిస్టన్ కావాల్సినంత ఖాళీ లేక వేడికి పట్టేస్తుంది. అంత ఖరీదైన పిస్టన్ మొదటి వారంలోనే సీజ్ అవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

ఎవరు వేయించాలి

టర్బోనో సూపర్‌చార్జరో పెట్టబోతున్నవాళ్లు వేయించాలి. కంపెనీ హద్దు దాటి ఆర్‌పీఎం ఎక్కించే క్యామ్, స్ప్రింగులు వేసినవాళ్లు వేయించాలి. రేస్ ట్రాక్ మీద ల్యాపు తర్వాత ల్యాపు ఫుల్ థ్రాటిల్‌తో తిరిగేవాళ్లు వేయించాలి, వాళ్ల ఇంజిన్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు.

శక్తి అడగకుండానే గట్టి భాగం వేయించుకోవాల్సిన ఇంజిన్లు కూడా ఉన్నాయి. పాత పోతఇనుము బుల్లెట్‌లో రాడ్డు కింది చివర రోలర్ బేరింగ్ ఉండదు, తేలియాడే బుష్ ఉంటుంది. శుభ్రమైన ఆయిలు, నెమ్మది నడక ఉన్నంతకాలం అది ఎన్నేళ్లయినా నిలుస్తుంది. అదే బండితో హైదరాబాద్ నుంచి విశాఖకు నాలుగు వరసల హైవే మీద గంటలకొద్దీ దూకుడుగా పోవాలంటే ఆ బుష్‌కు భారమే. అక్కడ రోలర్ బేరింగ్ రాడ్డు పెట్టించుకోవడం మంచి ఖర్చు. బండి అదే 18 హెచ్.పి. ఇస్తుంది, ఎక్కువ కాలం ఇస్తుంది. తాతల నాటి బండిని బతికించుకోవాలన్న కోరిక శక్తి పెంచాలన్న కోరికకు ఏమాత్రం తక్కువ కాదు. ఆ పనికి డబ్బు పెట్టేవాళ్లంటే నాకు గౌరవం.

వీళ్లెవరిలోనూ మీరు లేరా? అయితే ఇంజిన్‌ను కంపెనీ కొలతలకు తెప్పించండి. వాల్వు సీట్లు, టాపెట్లు, కార్బొరేటర్ లేదా ఇంజెక్టర్, ఇగ్నిషన్, ఎయిర్ ఫిల్టర్ సరిచేయించండి. అప్పటికీ ఇంకా కావాలనిపిస్తే హెడ్డు, క్యామ్, దానికి తగ్గ ఫ్యూయెల్ ట్యూనింగ్ వైపు వెళ్లండి. అక్కడ పెట్టిన రూపాయి గాలి రూపంలో ఇంజిన్‌లోకి వెళ్తుంది. శక్తి పెరిగాక క్లచ్ జారొచ్చు, బ్రేకులు చాలకపోవచ్చు. వాటికి కూడా డబ్బు ఉంచుకోండి. బ్రేకుల విషయంలో మాత్రం నేను దేనికీ వెనక్కి తగ్గను. ఆపలేని బండికి ఒక్క గుర్రం కూడా చేర్చకండి.

చట్టం గురించి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. సీసీ పెంచడం, టర్బో పెట్టడం రోడ్డు మీద తిరిగే బండికి చేసే పనులు కావు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా అదే ప్రశ్న ఎదురవుతుంది.

సామాను కొనే ముందు మెకానిక్‌ను, అమ్మేవాణ్ని కొన్ని సంగతులు అడగండి. ఈ పిస్టన్‌తో నా హెడ్డుకు కంప్రెషన్ ఎంత వస్తుంది? ఏ మిశ్రమలోహం, ఎంత ఖాళీ వదలాలి? ఇప్పుడున్న భాగం ఏ శక్తి దగ్గర, ఏ ఆర్‌పీఎం దగ్గర విరుగుతుంది, నా బండి అక్కడికి వెళ్తుందా? పెరుగుతుందంటున్న హెచ్.పి. గాలి పెంచి తెస్తారా, వేగం పెంచి తెస్తారా, కంప్రెషన్ పెంచి తెస్తారా? వీటికి సూటిగా జవాబులు రాకపోతే ఆ రోజుకు కంపెనీ పిస్టన్, కొత్త రింగులు వేయించి హెడ్డు మూయించేయండి. ఫోర్జ్‌డ్ సెట్టుకని దాచిన డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. టర్బో పెట్టాలో ట్రాక్‌కు వెళ్లాలో నిర్ణయమయ్యాక అదే ఇంజిన్ మళ్లీ విప్పొచ్చు.